బోల్టులు కుదిరితే సరిపోదు

ఒక కారులోంచి తీసిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇంకో మోడల్‌కు పనికొస్తుందా? ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు కంపెనీల దగ్గర రాసే ఉంది. బండి యజమానికి, మెకానిక్‌కి ఆ జవాబు అందకపోవడం వల్ల జరుగుతున్న నష్టం గురించే ఈ కథనం.

పుణె దగ్గర రంజన్‌గావ్‌లో ఫియట్, టాటా ఉమ్మడి ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తయారయ్యే రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్ డిజైన్ ఫియట్‌ది. జీప్ కంపాస్‌లో ఒక పేరుతో, టాటా హారియర్‌లో మరో పేరుతో నడిచేది ఆ ఇంజినే. ఎంజీ హెక్టర్ డీజిల్‌లో వచ్చిందీ అదే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి దారి వారిదైంది. కంపాస్ డీజిల్‌కి తొమ్మిది గేర్ల జెడ్‌ఎఫ్ డిజైన్ పెట్టారు. టాటా వాళ్లు 2020లో హారియర్‌కి ఆటోమేటిక్ ఇచ్చినప్పుడు హ్యుందాయ్ నుంచి ఆరు గేర్లది తెచ్చుకున్నారు. హెక్టర్ డీజిల్‌కి అసలు ఆటోమేటిక్కే రాలేదు. ఇప్పుడు హారియర్ గేర్‌బాక్స్ పాడైందనుకుందాం. వారంటీ దాటిపోయింది, కొత్తది కొనాలంటే లక్షల్లో మాట. యాక్సిడెంట్ అయిన కంపాస్ ఒకటి పాత కార్ల యార్డులో పడి ఉంది. ఇంజిన్ ఒకటే కదా, దాని గేర్‌బాక్స్ దీనికి ఎక్కించేస్తే పోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేమీ లేదు. రెండు బళ్లకూ ఇంజిన్ బ్లాకు ఒకటే అయినప్పుడు గేర్‌బాక్స్ కూడా కుదరాలనుకోవడం సహజమే.

అయినా అది కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే, ఏది కుదురుతుందో కూడా తెలుస్తుంది. మోడళ్ల మధ్య ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్చడం అసాధ్యమని షోరూమ్ వాళ్లు అంటారు. అన్నీ ఒకటేనని పాత సామాన్ల దుకాణాల్లో అంటారు. రెండు మాటలూ సగం నిజాలే. గేర్‌బాక్స్ పనికొస్తుందో లేదో తేల్చేవి దాని మీదున్న కోడ్, లోపలి పళ్ల నిష్పత్తులు, దాన్ని నడిపే కంప్యూటర్. ఈ మూడింటి వివరాలూ తయారీ కంపెనీ దగ్గర పట్టికల రూపంలో ఉంటాయి. అవి బయటికొస్తే గేర్‌బాక్స్ మార్చడం మామూలు మరమ్మతు అవుతుంది. లోపలే ఉండిపోతే యజమాని డబ్బు పెట్టి ఆడే జూదం అవుతుంది.

మార్చుకోవడం కంపెనీలకే అలవాటు

వేరే బండి గేర్‌బాక్స్ వాడటం నాసిరకం పని అన్న అభిప్రాయం ఒకటి బలంగా ఉంది. చరిత్ర చూస్తే అలా కనిపించదు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను జనానికి అమ్మింది. తమ ఇంజినీరింగ్ గురించి అంత గొప్పగా చెప్పుకునే రోల్స్‌రాయిస్ 1952 నుంచి ఆ హైడ్రామాటిక్‌నే తన కార్లలో పెట్టింది. తర్వాత లైసెన్స్ తీసుకుని సొంతంగా తయారు చేసింది. 1964లో జనరల్ మోటార్స్ నుంచి మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 400 వచ్చింది. కాడిలాక్, బ్యూయిక్ కార్ల కోసం పుట్టిన ఆ గేర్‌బాక్స్ రోల్స్‌రాయిస్ సిల్వర్ షాడోలో పనిచేసింది, పన్నెండు సిలిండర్ల జాగ్వార్‌లో పనిచేసింది. 1976లో ఫెరారీ తన చరిత్రలో మొదటిసారి ఆటోమేటిక్ ఇవ్వాలనుకున్నప్పుడు, ఫెరారీ 400లో పెట్టింది కూడా దాన్నే. అమెరికన్ కుటుంబాలు తిరిగే సెడాన్ గేర్‌బాక్స్ ఇటలీ స్పోర్ట్స్ కారులో కూర్చుంది, ఏళ్ల తరబడి మన్నింది.

ఈ రోజుల్లో అది ఇంకా మామూలు విషయం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తయారీకి పెట్టుబడి భారీగా కావాలి కాబట్టి చాలా కార్ల కంపెనీలు సొంతంగా చేసుకోవు. జర్మనీలో జెడ్‌ఎఫ్, జపాన్‌లో ఐసిన్, జాట్కో లాంటి కొద్దిమంది తయారీదారులే ప్రపంచంలో పెద్ద భాగానికి సరఫరా చేస్తున్నారు. ఐసిన్ ఐదు గేర్ల గేర్‌బాక్స్ కుటుంబం ఒకటి వోల్వోలో ఏడబ్ల్యూ 55-50 అన్న పేరుతో, సాబ్, ఒపెల్ కార్లలో ఏఎఫ్ 33 పేరుతో, నిస్సాన్‌లో ఆర్‌ఈ5ఎఫ్22ఏ పేరుతో తిరిగింది. జీప్ చెరోకీలో 1987 నుంచి 2001 దాకా వాడిన ఏడబ్ల్యూ 4 అనే నాలుగు గేర్ల పెట్టె, టొయోటా సుప్రాలో వాడిన ఏ340 కుటుంబానిదే. 2009లో వచ్చిన జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల డిజైన్ బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్, ల్యాండ్ రోవర్, బెంట్లీ, మాసెరాటీ కార్లన్నింటిలోకీ వెళ్లింది. క్రైస్లర్ దాన్ని లైసెన్స్ మీద అమెరికాలోనే తయారు చేసుకుంది. అంటే వేర్వేరు బ్యాడ్జీల కింద ఒకే యంత్రం ఉండటం అరుదేమీ కాదు.

అయితే ఫెరారీ ఇంజినీర్లు కాడిలాక్ లోంచి గేర్‌బాక్స్ ఊడదీసి నేరుగా బిగించలేదు. ఆ కాలంలో గేర్ ఎప్పుడు మారాలో నిర్ణయించేది గవర్నర్ అనే చిన్న భాగం. తిరిగే బరువులు, స్ప్రింగులు కలిసి వేగాన్ని ఆయిల్ ఒత్తిడిగా మారుస్తాయి. అమెరికన్ వీ8 ఇంజిన్ తక్కువ చుట్ల దగ్గరే బలమిస్తుంది. ఫెరారీ వీ12 బలమంతా ఎక్కువ చుట్ల దగ్గర ఉంటుంది. ఇంజిన్ స్వభావాన్ని బట్టి గేర్ మారే క్షణం, టార్క్ కన్వర్టర్ తత్వం, వెనక ఇరుసు నిష్పత్తి అన్నీ లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క వాళ్ల దగ్గర ఉంది కాబట్టే పని జరిగింది. యార్డులో గేర్‌బాక్స్ కొనేవాడి దగ్గర ఇనుము ఒక్కటే ఉంటుంది.

మూడు మెట్లలో దిగే కన్వర్టర్

పని ఎక్కడ చెడుతుందో చూడాలంటే ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటుకి వెళ్లాలి. గేర్‌బాక్స్ ముందు గంట ఆకారంలో ఉండే బెల్ హౌసింగ్ ఇంజిన్ వెనక ముఖానికి బోల్టులతో బిగుస్తుంది. ఒకే కంపెనీలో కూడా ఈ రంధ్రాల అమరిక వేర్వేరుగా ఉండొచ్చు. జనరల్ మోటార్స్ టర్బో హైడ్రామాటిక్ 400నే తీసుకుంటే, షెవర్లే ఇంజిన్లకు ఒక అమరిక, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ ఇంజిన్లకు ఇంకో అమరిక. లోపలి యంత్రం ఒకటే అయినా ఒకదానిది రెండోదానికి బిగియదు. ఇలా బిగియకపోవడం నిజానికి మేలు. కొనేటప్పుడే తెలిసిపోతుంది. అసలు ప్రమాదమంతా చక్కగా బిగిసిపోయే వాటితోనే.

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య గుమ్మడికాయంత టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దాన్ని గేర్‌బాక్స్ ముందు షాఫ్టు మీదికి తోసి, చేత్తో మెల్లగా తిప్పుతూ దింపాలి. అది మూడు మెట్లలో దిగుతుంది. మొదట ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు పట్టుకుంటాయి. తర్వాత స్టేటర్ పళ్లు. ఆఖరున ఆయిల్ పంపును తిప్పే గాళ్లలో కన్వర్టర్ మెడ కూర్చుంటుంది. మూడో మెట్టు దిగకుండానే గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కి ఆనించి, బోల్టులు బిగించి లాగేస్తే పంపు పళ్లు పగిలిపోతాయి. ఆ సంగతి ఇంజిన్ స్టార్ట్ చేశాకే తెలుస్తుంది. అన్నీ సరిగా కూర్చున్నాక కూడా కన్వర్టర్‌కీ, ఇంజిన్ వైపున్న ఫ్లెక్స్ ప్లేట్‌కీ మధ్య కొద్దిపాటి సందు మిగలాలి. చాలా అమెరికన్ గేర్‌బాక్సుల్లో అది మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల లోపు. సందు బొత్తిగా లేకపోతే పంపు నలుగుతుంది, ఎక్కువైతే కన్వర్టర్ ముందుకి జరిగి పంపు మీద పట్టు వదిలేస్తుంది. ఇంకో మోడల్ గేర్‌బాక్స్ తెచ్చినప్పుడు ఈ మూడు మెట్ల పళ్ల సంఖ్య, లోతు ఒకటేనా అన్నది కంటితో చూస్తే తెలియదు. జనరల్ మోటార్స్ 700ఆర్4 అనే నాలుగు గేర్ల పెట్టెలో మొదట్లో ఇన్‌పుట్ షాఫ్టుకి 27 పళ్లు, తర్వాత 30. బయటి పోత, పేరు మారలేదు. పాత కన్వర్టర్ ఉంచుకుని కొత్త తరం పెట్టె తెచ్చుకుంటే రెండూ జత కావు. అనుభవజ్ఞులైన మెకానిక్‌లు కన్వర్టర్‌నీ గేర్‌బాక్స్‌నీ ఎప్పుడూ జతగానే కొనమని చెప్పేది ఇందుకే.

411, 444

బిగించడం అయ్యాక పళ్ల నిష్పత్తి లెక్క వస్తుంది. ఎక్కువ డబ్బు పోయేది ఈ దశలోనే. ముందు చక్రాలు లాగే కార్లలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి. కాబట్టి గేర్‌బాక్స్ మారిస్తే ఫైనల్ డ్రైవ్ కూడా మారిపోతుంది. అదే గేర్‌బాక్స్‌ను చిన్న ఇంజిన్ కారుకి ఒక ఫైనల్ డ్రైవ్‌తో, పెద్ద ఇంజిన్ కారుకి ఇంకో దానితో ఇస్తారు. తేడా పైకి కనిపించదు. మైలేజీ తగ్గడం, స్పీడోమీటర్ తప్పు చూపించడం, హైవే మీద ఇంజిన్ అనవసరంగా అరవడం లాంటి వాటితో తర్వాత తెలుస్తుంది.

నాలుగు చక్రాలూ లాగే బళ్లలో ఆ తేడా గేర్‌బాక్స్‌నే తినేస్తుంది. సుబారు కార్లు దీనికి మంచి ఉదాహరణ. ఆ కంపెనీ నాలుగు గేర్ల ఆటోమేటిక్ దాదాపు రెండు దశాబ్దాల పాటు చాలా మోడళ్లలో వచ్చింది. కొన్నింటిలో ఫైనల్ డ్రైవ్ 4.11, కొన్నింటిలో 4.44. ముందు ఇరుసు నిష్పత్తి గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. వెనక ఇరుసుది వెనక డిఫరెన్షియల్‌లో విడిగా ఉంటుంది. 4.44 బండికి 4.11 గేర్‌బాక్స్ పెట్టి, వెనక డిఫరెన్షియల్ పాతదే ఉంచేశారనుకుందాం. చక్రాలు వంద చుట్లు తిరిగేసరికి ముందు ఇరుసు షాఫ్టు 411 చుట్లు, వెనకది 444 చుట్లు తిరగాలి. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి ఎప్పుడూ ఎనిమిది శాతం ముందు నడిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఆ 33 చుట్ల తేడాను గేర్‌బాక్స్ వెనక భాగంలో ఉన్న క్లచ్ ప్లేట్ల గుత్తి జారుతూ భరించాలి. అది రోజంతా జారుతూ బతకడానికి చేసింది కాదు. వేడెక్కుతుంది, ప్లేట్ల పూత రాలుతుంది, ఆ పొడి ఆయిల్‌లో కలిసి వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లోకి వెళ్తుంది. బండి మొదటి వారం బాగానే నడుస్తుంది. గేర్లు సాఫీగానే పడతాయి. కొన్నాళ్లకు మలుపుల్లో బిగుసుకుపోయినట్టు అనిపించడం మొదలవుతుంది. అప్పుడు తప్పంతా పాత గేర్‌బాక్స్ నాణ్యత మీదికి పోతుంది. నిజానికి ఆ గేర్‌బాక్స్ మంచిదే, దాన్ని పెట్టిన బండే దానిది కాదు.

ఇనుము ఒకటే, లెక్కలు వేరు

ఇప్పటి గేర్‌బాక్సుల్లో గవర్నర్, స్ప్రింగుల పని కంప్యూటర్‌కి వెళ్లిపోయింది. లోపలికి వచ్చే షాఫ్టు వేగం, బయటికి వెళ్లే షాఫ్టు వేగం రెండింటినీ అది క్షణక్షణం చూస్తూ, మూడో గేర్లో ఈ రెండింటి మధ్య ఇంత నిష్పత్తి ఉండాలి అని తనలో రాసి ఉన్న అంకెతో పోల్చుకుంటుంది. లోపలి గేర్ల నిష్పత్తి వేరుగా ఉన్న పెట్టె తగిలిస్తే, అది ఎంత ఆరోగ్యంగా ఉన్నా కంప్యూటర్ దాన్ని జారిపోతున్న గేర్‌బాక్స్ అనే అనుకుంటుంది. స్కానర్ పెట్టిన మెకానిక్‌లకు పరిచయమున్న పీ0730 అనే లోపం కోడ్ చెప్పేది అదే: నిష్పత్తి తప్పుగా ఉంది. వెంటనే కంప్యూటర్ బండిని రక్షణ స్థితిలోకి నెట్టి ఒకే గేర్లో ఉంచేస్తుంది. ఇక్కడ పాడైంది ఏదీ లేదు. కంప్యూటర్‌కి తెలిసిన అంకె, పెట్టెలో ఉన్న అంకె కలవలేదు, అంతే.

ఇంకో మెట్టు లోపలికి వెళ్తే, ఒకే రకం గేర్‌బాక్సులు కూడా ఒకదానికొకటి అచ్చంగా ఒకటి కావు. సోలెనాయిడ్లు, వాల్వుల తయారీలో వచ్చే సూక్ష్మమైన తేడాలను ఫ్యాక్టరీలోనే కొలిచి, ఆ కొలతలను ఒక కోడ్‌గా మార్చి గేర్‌బాక్స్ మీద లేబుల్ అంటించే పద్ధతి టొయోటా కొన్ని గేర్‌బాక్సుల్లో పాటిస్తుంది. గేర్‌బాక్స్ మార్చినప్పుడు ఆ పొడవైన అంకెల వరుసను కంపెనీ స్కాన్ టూల్‌తో బండి కంప్యూటర్లోకి ఎక్కించాలి. యార్డులో ప్రెషర్ వాష్ కింద ఆ లేబుల్ ఊడిపోయిందంటే, మంచి గేర్‌బాక్స్ విలువలో కొంత భాగం నీళ్లతో పోయినట్టే. లేబుల్ ఉన్నా, ఆ స్కాన్ టూల్ దొరకకపోతే ఉపయోగం లేదు.

హారియర్, కంపాస్ ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. జెడ్‌ఎఫ్ తొమ్మిది గేర్ల డిజైన్‌లో కొన్ని గేర్లు మామూలు క్లచ్ ప్లేట్లతో కాక, పళ్లు పళ్లలో దిగి పట్టుకునే డాగ్ క్లచ్‌లతో పడతాయి. అవి పడే క్షణంలో ఇంజిన్ కంప్యూటర్ బలాన్ని సరిగ్గా అంత మేరకు తగ్గించి మళ్లీ ఇవ్వాలి. జీప్ ఇంజిన్ కంప్యూటర్‌కి ఆ సంభాషణ తెలుసు. టాటా ఇంజిన్ కంప్యూటర్ మాట్లాడేది ఆరు గేర్ల హ్యుందాయ్ పెట్టెతో. పోతపోసిన ఇంజిన్ బ్లాకు ఒకటే అయినా, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రెండు వేర్వేరు యంత్రాలకు రాసింది. మౌంటింగులు, డ్రైవ్ షాఫ్టుల పొడవు, కూలర్ పైపులు, గేర్ లివర్ కేబుల్ ఇవన్నీ డబ్బుతో సర్దుకునే విషయాలే. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం సర్దుబాటుకి లొంగదు.

ఆటోమేటిక్ అని బండి వెనక రాసినంత మాత్రాన లోపల ఒకే జాతి యంత్రం ఉందనుకోకూడదు. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన మొదటి కారు సెల్టోస్. ఆ ఒక్క మోడల్లోనే మూడు రకాల ఆటోమేటిక్‌లు ఇచ్చారు. మామూలు పెట్రోల్ ఇంజిన్‌కి గేర్లు లేని సీవీటీ తరహాది, డీజిల్‌కి టార్క్ కన్వర్టర్‌తో ఆరు గేర్లది, టర్బో పెట్రోల్‌కి రెండు క్లచ్‌ల ఏడు గేర్లది. మూడింటిలో పోసే ఆయిల్ కూడా వేరు. సెల్టోస్ గేర్‌బాక్స్ ఉంది, కావాలా అన్న మాటకు ఇంజిన్ పేరు జోడించకపోతే అర్థమే లేదు. దీనికి పూర్తి విరుద్ధంగా, బ్యాడ్జి వేరైనా లోపల ఒకటే అయిన జతలూ మన రోడ్ల మీద ఉన్నాయి. సుజుకి బలేనో, టొయోటా గ్లాంజా అలాంటివి. ఫోక్స్‌వాగన్ వర్టస్, టైగున్, స్కోడా స్లావియా, కుషాక్ నాలుగూ ఒకే పునాది మీద కట్టినవి. వాటిలో ఒక లీటర్ ఇంజిన్‌తో మొదట వచ్చిన ఆటోమేటిక్ ఐసిన్ ఆరు గేర్లదే. అయితే ఫోక్స్‌వాగన్ వాళ్లు ప్రతి గేర్‌బాక్స్ మీదా మూడక్షరాల కోడ్ చెక్కుతారు. ఏ ఇంజిన్‌కి, ఏ ఫైనల్ డ్రైవ్‌తో అన్నది ఆ మూడక్షరాలే చెబుతాయి. కొనేవాడికి బ్యాడ్జి కంటే, మోడల్ పేరు కంటే, తయారైన సంవత్సరం కంటే ముఖ్యమైనవి ఆ అక్షరాలు. వాటి అర్థం చెప్పే పట్టిక మాత్రం ఆటోనగర్ దుకాణంలో దొరకదు.

కుదరడం వేరు, తట్టుకోవడం వేరు

ఇక్కడొక పాత కేసు గుర్తు చేసుకోవాలి. 1970ల చివర అమెరికాలో జనరల్ మోటార్స్ మీద వేల మంది కొనుగోలుదార్ల తరఫున కోర్టులో దావా పడింది. 1976 నుంచి 1979 దాకా వచ్చిన కార్లలో టర్బో హైడ్రామాటిక్ 350 ఉండాల్సిన చోట, నాసిరకమైన 200 రకాన్ని చెప్పకుండా పెట్టారన్నది ఆరోపణ. 1981లో అప్పీలు కోర్టు ముందుకొచ్చిన స్కెల్టన్ కేసు ఇది. కోర్టులో వాదన ఎక్కువగా వారంటీ చట్టం పరిధి చుట్టూ నడిచింది. మనకు కావాల్సిన విషయం వేరే ఉంది. 200 రకం ఆ కార్లలో బిగుసుకుంది, నడిచింది. చిన్న కార్లకు సరిపడేలా తేలిగ్గా చేసిన ఆ పెట్టె బరువైన కార్ల బలాన్ని తట్టుకోగలదా అన్నదే కొనుగోలుదార్ల గోడు. బిగుసుకోవడం, నడవడం అన్న రెండు పరీక్షలు నెగ్గిన గేర్‌బాక్స్ మూడోదైన తట్టుకోవడంలో ఓడిపోవచ్చు. సాక్షాత్తూ తయారీదారు మార్చినప్పుడే ఈ అనుమానం వచ్చిందంటే, వివరాలేవీ తెలియని చోట మార్చినప్పుడు ఎంత జాగ్రత్త కావాలి?

ఇందుకు పాత మెకానిక్‌లు చెప్పే అభ్యంతరం తేలిగ్గా తీసేయదగినది కాదు. మేం ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాం, లారీకి ఒకటి, జీపుకి ఒకటి మార్చి పెట్టాం, ఏ పట్టికలూ లేకుండానే నడిచాయి అంటారు. నిజమే. విజయవాడ ఆటోనగర్‌లోనూ, చెన్నై పుదుపేటలోనూ, ముంబై కుర్లాలోనూ చేతి అనుభవంతో పుట్టిన నైపుణ్యం లేకపోతే ఈ దేశంలో సగం బళ్లు ఎప్పుడో తుక్కయ్యేవి. అయితే ఆ నైపుణ్యం పుట్టింది మాన్యువల్ గేర్‌బాక్సుల మీద. మాన్యువల్‌లో తప్పు జరిగితే చేతికి తెలుస్తుంది: గేర్ పడదు, శబ్దం వస్తుంది, వాసన వస్తుంది. ఆటోమేటిక్‌లో కంప్యూటర్ ఆయిల్ ఒత్తిడి పెంచుతూ, గేర్ మారే సమయం సర్దుతూ లోపాన్ని కప్పిపెడుతుంది. సర్దే శక్తి అయిపోయాకే బయటపడుతుంది. అప్పటికి మెకానిక్ ఇచ్చిన నెల గ్యారంటీ దాటిపోయి ఉంటుంది. ఇక్కడ లోటు మెకానిక్ చేతిలో లేదు. అతనికి అందని సమాచారంలో ఉంది. అదే మనిషికి కోడ్‌ల పట్టిక, స్కాన్ టూల్ ఇస్తే షోరూమ్ కంటే శ్రద్ధగా చేస్తాడు.

ఇంకొందరు అడుగుతారు: ఇంత తంటా ఎందుకు, ఉన్న గేర్‌బాక్స్‌నే విప్పి బాగు చేసుకోవచ్చు కదా? చాలా సందర్భాల్లో అదే సరైన దారి. పాడైంది వాల్వ్ బాడీయో, ఒక సోలెనాయిడో అయితే మొత్తం మార్చడం వృథా. కానీ పోత పగిలినా, ప్లానెటరీ గేర్లు అరిగిపోయినా, ఆయిల్ లేకుండా నడిపి పంపు కాలిపోయినా బాగు చేయడం కన్నా మంచి పాతది తెచ్చుకోవడమే చవక. పైగా ఆటోమేటిక్ విప్పి కూర్చేందుకు దుమ్ములేని గది, ఒత్తిడి పరీక్షించే బెంచి, ప్రత్యేక పనిముట్లు కావాలి. జిల్లా కేంద్రాల్లో అవి ఎన్నిచోట్ల ఉన్నాయో చెప్పనక్కర్లేదు. మాన్యువల్ కారును ఆటోమేటిక్‌గా మార్చడం గురించి మాత్రం ఒక్క మాట చాలు: వద్దు. పెడల్ దగ్గర్నుంచి వైరింగ్ దాకా మారాలి, ఆ డబ్బుతో ఆటోమేటిక్ బండే కొనుక్కోవచ్చు.

దాచిన పట్టికలు

కంపెనీల అభ్యంతరం అన్నింటికంటే గట్టిది. వివరాలు బయటపెడితే దొంగిలించిన భాగాల వ్యాపారం పెరుగుతుందని, తెలియనివాళ్లు చేస్తే ప్రాణాల మీదికి వస్తుందని వాళ్ల వాదన. దొంగతనం సంగతి పాక్షికంగా నిజం. కంప్యూటర్‌ను బండితో ముడిపెట్టే తాళాలు దొంగలకు అడ్డుకట్టే. కానీ తాళం తెరిచే అధికారం ఒక్క డీలర్ దగ్గరే ఉండాలన్న నియమం ఎందుకు? గేర్‌బాక్స్ నంబరు దొంగ సొత్తు జాబితాలో లేదని సరిచూసుకుని, గుర్తింపు ఉన్న ఏ గ్యారేజీకైనా ఆ వీలు ఇవ్వొచ్చు. ఇక ఏ కోడ్ పెట్టె ఏ కారుకు సరిపోతుందో చెప్పే పట్టికకు దొంగతనంతో సంబంధమే లేదు. అది ఎవరి ప్రాణాల మీదికీ తెచ్చేది కాదు, పైగా తప్పు గేర్‌బాక్స్ బిగించకుండా ఆపేది.

ఈ వాదన కొత్తదీ కాదు, మన దగ్గర తేలనిదీ కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడి భాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారన్నది తీర్పు సారం. వాటిని బహిరంగ మార్కెట్లో దొరికేలా చూడమని, బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని ఆదేశించింది. జరిమానా లెక్క అప్పీళ్ల దాకా వెళ్లింది. ఐరోపాలో 2007 నాటి నిబంధనలే మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర గ్యారేజీలకు ఇవ్వాలని చెప్పాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల కోసం ప్రత్యేక చట్టం చేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. దిశ సరిగ్గానే ఉంది. ఒక మోడల్ గేర్‌బాక్స్ కోడ్ ఇస్తే ఇంకే మోడళ్లకు అది సరిపోతుందో చెప్పే సమాచారం మాత్రం మామూలు మెకానిక్‌కి ఇప్పటికీ చేతికందడం లేదు.

చట్టం వైపు నుంచి వచ్చే భయాన్ని కూడా తేటపరచాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మూల స్వరూపాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చట్ట సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి రూ.5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే వీలు వచ్చింది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి, గేర్‌బాక్స్ నంబరు ఉండదు. పాడైన దాని స్థానంలో అదే కోడ్ ఉన్నది పెట్టడం స్వరూపాన్ని మార్చడం కాదు, విడి భాగం మార్చడమే అని నా అభిప్రాయం. వేరే నిష్పత్తితో, వేరే బలానికి చేసిన పెట్టె పెట్టడం ఈ సెక్షన్ కిందికి రావచ్చు. రెండింటి మధ్య గీత గీయాల్సింది రవాణా శాఖ. తయారీదారు పట్టికలో సరిపోతుందని ఉన్నది మార్పు కిందికి రాదని ఒక్క సర్క్యులర్ ఇస్తే, మెకానిక్‌కీ యజమానికీ భయం పోతుంది, పట్టికలు బయటపెట్టక తప్పని పరిస్థితి కంపెనీలకూ వస్తుంది.

ఇది సాధ్యమేనా అని అనుమానించేవాళ్లు అమెరికా పాత కార్ల యార్డుల వైపు చూడాలి. 1934 నుంచి అక్కడ హాలండర్ మార్పిడి పుస్తకం ఉంది. ఏ కారు భాగం ఏ కారుకు పనికొస్తుందో నంబర్లు వేసి చెప్పే ఆ పుస్తకం ఇప్పుడు కంప్యూటర్‌లోకి మారింది, యార్డుల వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. మనకు ఆ అవకాశం ఇప్పుడే వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో కేంద్రం వాహనాల తుక్కు కేంద్రాలకు నియమాలు ప్రకటించింది. నమోదైన కేంద్రాల్లో ఒక్కో బండీ దాని ఛాసిస్ నంబరుతో సహా లెక్కకొస్తోంది. గేర్‌బాక్స్ ఊడదీసే రోజున దాని కోడ్, లేబుల్ ఫొటో, కన్వర్టర్ జతగా ఉందా లేదా, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్న నాలుగు వివరాలు ఛాసిస్ నంబరు పక్కన నమోదు చేయమని ఆ నియమాల్లోనే చేర్చొచ్చు. అప్పటిదాకా ఆ నాలుగు వివరాలూ చూపించని గేర్‌బాక్స్‌ను ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. కంపెనీ పట్టిక చూపించలేని డీలర్ కొత్తదే కొనాలి అన్నప్పుడు, ఎందుకు కొనాలో కాగితం మీద రాసిమ్మని అడగాలి.